మంచు సరస్సు మీద స్లెడ్: తాడు కట్టగానే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

మిన్నెసోటా మంచు సరస్సుల మీద చేపల వేట గురించి మీ ప్రవాస పేజీలో వచ్చిన వ్యాసం చదివాం. గుడారం గురించి, మంచు తొలిచే బరమా గురించి, వాలై చేప రుచి గురించి చక్కగా రాశారు. మంచు మీద సామాను ఈడ్చుకెళ్లే చక్రాల్లేని తొట్టి, అంటే స్లెడ్, దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఏదో ఒక ప్లాస్టిక్ తొట్టి కొని తాడు కట్టుకుంటే చాలట, స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) ఉంటే దాని వెనక కట్టేయొచ్చట. ఆ వాక్యం చూసే ఈ ఉత్తరం రాస్తున్నాం. మినియాపొలిస్, మాడిసన్, డెట్రాయిట్, విన్నిపెగ్ పరిసరాల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు ఏటా కొత్తగా మంచు మీద కాలు పెడుతున్నారు. వాళ్లలో ఎవరైనా మీ పేజీ చదివి అలాగే చేస్తే ఏమవుతుందో తెలిసినవాళ్లం కాబట్టి ఊరుకోలేకపోయాం.

ముందు బరువు సంగతి. ఇద్దరు మనుషులు ఒక పగలంతా మంచు మీద ఉండాలంటే మడిచి తెరిచే గుడారం, బరమా, హీటరు, గ్యాసు, రెండు బకెట్లు, గాలాల కర్రలు, చేపల జాడ చూపే ఫ్లాషర్, దాని బ్యాటరీ, తిండి, పొడి బట్టలు ఉండాలి. అన్నీ కలిపితే 60, 70 కిలోలకు తక్కువ కాదు. 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండరు నిండుగా ఉంటే అదొక్కటే దాదాపు 17 కిలోలు. మిల్ లాక్స్ లాంటి పెద్ద సరస్సులో ఒడ్డు నుంచి చేపలున్న చోటికి మైలు, మైలున్నర నడవాల్సి వస్తుంది. అంత బరువునూ అంత దూరం మోసేది స్లెడ్డే. దారిలో అది విరిగితే చలిలో సామాను వదిలి రావాలి, లేదంటే చీకటి పడేదాకా దానితో పెనుగులాడాలి.

స్లెడ్డులో మొదట చూడాల్సింది అడుగు. దుకాణాల్లో ప్రధానంగా రెండు రకాలు దొరుకుతాయి. పలుచటి ప్లాస్టిక్ రేకును వేడిచేసి అచ్చులో ఒత్తి చేసినది ఒకటి, అచ్చును తిప్పుతూ మందంగా పోతపోసినది ఇంకొకటి. మొదటిది తేలిక, చవక, చేత్తో లాగేవాళ్లకు బాగానే పనికొస్తుంది. స్నోమొబైల్ వెనక కట్టేవాళ్లు మాత్రం రెండోదే తీసుకోవాలి. రెండూ పాలిథిలీనే కాబట్టి ఒక సంగతి రెండింటికీ వర్తిస్తుంది. దీనికి జిగురు పట్టదు. ఎపాక్సీ గానీ సిలికోన్ గానీ రాసి ఏదైనా అతికిస్తే గరాజులో గట్టిగానే కనిపిస్తుంది, సరస్సు మీద రెండో కుదుపుకి ఊడి చేతికొస్తుంది. అందుకని ఏది బిగించినా రంధ్రం చేసి బోల్టు, నట్టుతోనే బిగించాలి.

అడుగున అరిగేది పట్టీ కావాలి, స్లెడ్ కాకూడదు. అంగుళంన్నర వెడల్పు, అర అంగుళం మందం ఉన్న యూహెచ్ఎండబ్ల్యూ (అరుగుదలకు బాగా తట్టుకునే గట్టి పాలిథిలీన్) ప్లాస్టిక్ పట్టీలు రెండు, స్లెడ్ అడుగున పొడవునా ఉండే గట్ల మీద వేయాలి. స్లెడ్ వెడల్పుగా ఉంటే మధ్యలో మూడోది కూడా వేయండి. గాజులాంటి నున్నటి మంచు మీద పక్కకు జారిపోకుండా గీత గీసినట్టు నడిపించేది ఆ మూడోదే. పావు అంగుళం లావున్న, తల చదునుగా ఉండే స్టెయిన్‌లెస్ బోల్టులు కింది నుంచి పైకి పెట్టాలి. 8, 10 అంగుళాలకు ఒకటి చాలు. బోల్టు తల పట్టీలో కనీసం 2, 3 మిల్లీమీటర్లు లోపలికి దిగేలా రంధ్రం అంచును గిన్నెలా తొలవండి. ఇది అందానికి చేసే పని కాదు. పట్టీ అరిగి అరిగి తల బయటపడిందంటే పట్టీ మార్చే రోజు వచ్చిందని అర్థం. తల పట్టీలోకి దిగకుండా బయటికే ఉంచి బిగిస్తే ప్రతి బోల్టూ నాగలి కర్రులా మంచును దున్నుతుంది, లాగేవాడి నడుం విరుగుతుంది. లోపలి వైపు నట్టు కింద రూపాయి బిళ్లకన్నా వెడల్పుగా ఉండే వాషరు వేసి, నైలాన్ పొర ఉన్న లాక్ నట్టు బిగించాలి. చిన్న వాషరు వేస్తే ప్లాస్టిక్‌ను చీల్చుకుని లోపలికి దిగిపోతుంది.

చాలామంది పొరపడేది ఇక్కడే. పట్టీలు ఖరీదని అల్యూమినియం బద్దలు బిగిస్తారు. గరాజులో 20 డిగ్రీలుంటుంది, సరస్సు మీద మైనస్ 25. అంటే 45 డిగ్రీల తేడా. అయిదడుగుల పాలిథిలీన్ అంత తేడాకి దాదాపు ఒక సెంటీమీటరు ముడుచుకుంటుంది. అదే పొడవు అల్యూమినియం దాదాపు మిల్లీమీటరున్నర మాత్రమే తగ్గుతుంది. రెండింటినీ గుండ్రటి రంధ్రాలతో గట్టిగా బిగిస్తే ప్లాస్టిక్ ఎటూ కదల్లేక బిగుసుకుపోయి చివరి బోల్టు దగ్గర ఫట్‌మని పగులుతుంది. లోహమే వేయాలనుకుంటే మధ్య బోల్టుకు మాత్రం గుండ్రటి రంధ్రం చేయండి. మిగతావన్నీ బద్దె పొడవు వైపుగా కోలగా ఉండాలి, చివరలకు వెళ్లేకొద్దీ ఇంకా పొడుగ్గా, అర అంగుళం దాకా. ప్లాస్టిక్ పట్టీలైతే స్లెడ్డుతోపాటే ముడుచుకుంటాయి కాబట్టి ఇంత బాధ ఉండదు. నీళ్ల గొట్టాలకు వాడే పీవీసీని సగానికి కోసి బిగించేవాళ్లూ ఉన్నారు. అది చలికి పెళుసెక్కి గడ్డకట్టిన మంచు గడ్డలు తగలగానే ముక్కలవుతుంది. దాని జోలికి పోవద్దు.

రంధ్రాలు వెచ్చటి చోటే చేయండి, డ్రిల్లు నెమ్మదిగా తిప్పండి. చలిలో తొలిస్తే అంచు పెళుసుగా విరిగి అక్కడే పగులు మొదలవుతుంది. అంచున మిగిలిన పీచును చాకుతో గీకి నున్నగా చేయాలి. ఇప్పటికే పగులు పడి ఉంటే దాని చిట్టచివర చిన్న గుండ్రటి రంధ్రం పెట్టండి, పగులు ముందుకు పాకదు. ఆ తర్వాత వంటింట్లో కూరలు తరిగే తెల్ల పాలిథిలీన్ పలకలోంచి ముక్క కోసి, పగులుకు లోపలా బయటా పెట్టి నాలుగు బోల్టులతో బిగిస్తే సీజన్ గడిచిపోతుంది. మొదటిసారి సరస్సుకు వెళ్లొచ్చాక నట్లన్నీ మళ్లీ ఒకసారి బిగించాలి. ఒత్తిడి కింద ప్లాస్టిక్ కొంచెం అణుగుతుంది, నట్టు వదులవుతుంది.

ఇక లాగే చోటు. కొత్త స్లెడ్డుకి ముందు అంచున రెండు రంధ్రాలు, వాటిలో ఒక తాడు ఉంటాయి. ఖాళీ స్లెడ్డుని దుకాణం నుంచి కారు దాకా తీసుకెళ్లడానికి ఆ రంధ్రాలు చాలు. 70 కిలోల బరువుతో మంచు గుట్ట ఎక్కిస్తే లాగుడంతా ఆ పలుచటి అంచు మీదే పడి చిరిగిపోతుంది. ముక్కు లోపలి వైపు అరచేతి వెడల్పు అల్యూమినియం పలక గానీ, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ గానీ పెట్టి, తలకు ఉంగరం ఉండే కంటి బోల్టులు దాని గుండా పెద్ద వాషర్లతో బిగించండి. అప్పుడు లాగుడు ముక్కంతటికీ పంచుకుంటుంది.

చేత్తో లాగేవాళ్లకు తాడు నడుము నుంచి 7, 8 అడుగులుండాలి. నాలుగడుగుల తాడైతే నిటారుగా పైకి లాగినట్టే, బలంలో సగం స్లెడ్ ముక్కు ఎత్తడానికే పోతుంది. తాడు పాలీప్రొపిలీన్‌దైతే నీళ్లు పీల్చదు. నూలు తాడు, నైలాన్ తాడు తడిసి ఇనుప కడ్డీలా గడ్డకడతాయి. పల్లంలో స్లెడ్ వచ్చి మడమల మీద కొట్టకుండా రెండు తాళ్లనీ చెరొక పెక్స్ గొట్టంలోంచి పోనిచ్చి, మధ్యలో ఒకదాని మీదుగా ఒకటి కత్తెరలా దాటించి నడుం బెల్టుకు తగిలించాలి. పెక్స్ అంటే ఇళ్లలో నీళ్ల లైన్లకు వాడే వంగే గొట్టం, అది చలికి పగలదు. కత్తెరలా దాటిస్తే మీరు తిరిగిన వైపే స్లెడ్డూ తిరుగుతుంది.

నడుం బెల్టు విషయంలో రాజీ వద్దు. అది ఒక్క చేత్తో, తొడుగు తీయకుండా, తడిసినా ఊడే బకిల్ కావాలి. మంచు విరిగి నీళ్లలో పడ్డవాడికి వెనక 70 కిలోలు కట్టి ఉంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. తాడును నడుముకు ముడివేసుకునేవాళ్లను ప్రతి సరస్సు మీదా చూస్తాం. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు.

స్నోమొబైల్ వెనకైతే తాడు మాటే ఎత్తకూడదు. బండి ఆగుతుంది, మంచు మీద స్లెడ్ ఆగదు. నేరుగా వచ్చి బండి వెనక భాగాన్నో, నడిపేవాడి కాళ్లనో గుద్దుతుంది. మలుపులో తాడు వదులై బండిని నడిపే రబ్బరు పట్టా (ట్రాక్) కిందకు పోతే బండి ఉన్నపళంగా బిగుసుకుంటుంది. అందుకే బండినీ స్లెడ్డునీ కలిపే గట్టి లోహపు కడ్డీ, అంటే టో బార్, ఉండాలి. మిన్నెసోటా చట్టం కూడా పబ్లిక్ రోడ్డు మీద స్నోమొబైల్‌తో మనిషినైనా వస్తువునైనా లాగాలంటే గట్టి టో బార్ ఉండి తీరాలంటోంది. మీ వ్యాసంలో ఈ ముక్క లేకపోవడమే మాకు ఎక్కువ బాధ కలిగించింది. బార్ కొనేటప్పుడు కీలు ఎటెటు కదులుతుందో చేత్తో ఆడించి చూడండి. పక్కలకే కాదు, పైకీ కిందికీ ఊగాలి, కాస్త మెలి కూడా తిరగాలి. సరస్సు మధ్య మంచు పలకలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని గట్లుగా లేస్తాయి. వాటిని దాటేటప్పుడు బండి ఒక వాలులో, స్లెడ్ ఇంకో వాలులో ఉంటాయి. మెలి తిరగని కీలైతే స్లెడ్ ముక్కును పెకలించేస్తుంది. కీలుకు పెట్టే పిన్నుకు క్లిప్పు తప్పనిసరి. వెనక రెండు మూలలా, పక్కలా ఎర్రటి మెరిసే టేపు అంటించండి. బండి లేపే మంచు పొడిలో స్లెడ్ వెనకవాళ్లకు కనిపించదు.

బరువు సర్దడం మన ఎడ్లబండి ఎరిగినవాళ్లకు కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు. ముందుమొగ్గైతే కాడి ఎద్దు మెడ మీద పడుతుంది, వెనకమొగ్గైతే కాడే పైకి లేస్తుంది. స్లెడ్డుకీ అంతే. ముందు బరువెక్కువైతే ముక్కు మంచులోకి పొడుచుకుపోతుంది, మరీ వెనక వేస్తే తోక పాములా ఊగుతుంది. బరువైనవి అట్టడుగున, నడిమధ్యకు ఒక బెత్తెడు వెనగ్గా ఉండాలి. గుడారం లాంటి తేలికవి పైన. కుదుపులకు సామాను జరగకుండా 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో అడ్డపలకలు చేసి గళ్లు కట్టుకోండి. ఒక పలకలో బకెట్ అడుగు కొలత తీసుకుని, దానికన్నా పావు అంగుళం పెద్దగా గుండ్రటి కంత కోస్తే బకెట్ అందులో కూర్చుని కదలదు. గాలాల కర్రలకు మూత ఉన్న గట్టి పెట్టె వేరుగా ఉండాలి. వాటి కొసలు వెంట్రుకంత సన్నం, బకెట్లో నిలబెట్టి తెస్తే ఇంటికి సగం కర్రలే చేరతాయి. బరమాకు స్లెడ్ పక్కన రెండు కొక్కేలు బిగించి పడుకోబెట్టాలి, కత్తులకు తొడుగు వేసి తీరాలి. కత్తి దేనికైనా తగిలి మొన మొండిబారితే ఎంత తిప్పినా మంచు మీద రుద్దుకుంటుందే తప్ప దిగదు.

సిలిండరు నిలబెట్టే తీసుకెళ్లాలి. పడుకోబెట్టి వాడితే ఆవిరికి బదులు ద్రవమే హీటరులోకి వస్తుంది, మంట ఎగదన్నుతుంది. మూల గడిలో నిలబెట్టి నడుము దగ్గర ఒక పట్టీ బిగించండి. క్యాంపు పొయ్యిల బ్యూటేన్ డబ్బాలు తెచ్చుకోవద్దు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది. బ్యాటరీలకు పాత కూలర్ పెట్టె మంచి ఇల్లు. సీసం బ్యాటరీలో ఛార్జి అయిపోతే లోపలి ఆమ్లం పలుచబడి గడ్డకట్టి డొక్క పగులుతుంది, నిండుగా ఉంటే ఆ చలికి తట్టుకుంటుంది. లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ చలిలో పనిచేస్తుంది గానీ సున్నాకి దిగువన దానికి ఛార్జింగ్ పెట్టకూడదు. ఇంటికొచ్చాక గది వేడికి వచ్చేదాకా ఆగండి.

పైన కట్టే తాళ్ల గురించి ఒక మాట. కొక్కేలుండే రబ్బరు తాళ్లు చలికి సాగడం మానేస్తాయి. కొక్కెం జారితే నేరుగా కంటికి తగులుతుంది. పళ్ల చక్రంతో బిగించే ర్యాచెట్ పట్టీల్లో మంచు దూరి బిగుసుకుంటుంది. నొక్కితే వదిలే మామూలు క్యామ్ బకిల్ పట్టీలే మేలు. స్లెడ్డుకి ఏది అమర్చినా మేం పెట్టే పరీక్ష ఒక్కటే. మందపాటి చేతి తొడుగులు వేసుకుని, కళ్లు మూసుకుని దాన్ని విప్పగలగాలి. మైనస్ 25లో తొడుగు తీసి చిన్న నట్టు తిప్పుతూ నిలబడితే నిమిషాల్లో వేళ్లు చచ్చుబడతాయి. అందుకే రెక్కల నట్లు, పెద్ద ఉంగరాలున్న జిప్పులు, జిప్పు కొసన చెయ్యంత తాడు ముక్క. స్నోమొబైల్ వెనకైతే గుడ్డ కప్పు కూడా కావాలి, లేకపోతే ట్రాక్ ఎగజిమ్మే మంచుతో స్లెడ్ నిండిపోయి సామాను బరువుకు మంచు బరువు తోడవుతుంది.

మంచు లేత బూరుగుదూదిలా కనిపించే చోట కింద బురదలాంటి నీళ్లుంటాయి. పైన పడ్డ మంచు బరువుకు సరస్సు మంచు పలక కిందికి వంగి, పగుళ్లలోంచి నీళ్లు పైకి ఉబికి మంచు కింద నిలుస్తాయి. అందులో స్లెడ్ ఆపారో, అయిదు నిమిషాల్లో అడుగు పట్టీలకు గడ్డకట్టి ఈడ్వలేని బండ అవుతుంది. ఆపకుండా దాటేయాలి. దాటాక పక్కకు ఒరిగించి చెక్క గరిటెతో గీకాలి, ఇనుముతో గీకితే పట్టీ గాట్లు పడుతుంది. పొడి మంచు కూడా తక్కువదేం కాదు. మైనస్ 20 దిగితే పట్టీ కింద నీటి పొర ఏర్పడదు, ఇసుకలో లాగినట్టే ఉంటుంది. ఆ రోజు బరువు తగ్గించుకోవడమే తెలివి. స్కీలకు రాసే మైనం పట్టీలకు రుద్దితే కొంత నయం. నిలిపాక స్లెడ్ కింద అడ్డంగా రెండు చెక్క ముక్కలు పెట్టండి. గుడారం లోపల హీటరు వేడికి కరిగిన నీళ్లు సాయంత్రం మళ్లీ గడ్డకట్టి స్లెడ్డును సరస్సుకి అతికించేస్తాయి. గొడ్డలితో పెకలించబోయి అడుగు పగలగొట్టుకున్న స్లెడ్లు బోలెడు.

విస్కాన్సిన్ వైపు చాలామంది చేసుకునే స్మిట్టీ స్లెడ్ కూడా మంచిదే. పాత స్కీలు రెండు, వాటి మీద 2x4 చెక్కలతో చట్రం, పైన స్లెడ్ తొట్టిని కూర్చోబెడతారు. నేలను తాకేది స్కీలే కాబట్టి గట్టి మంచు మీద వేలితో లాగినట్టు వస్తుంది. రెండు స్కీలూ ఖచ్చితంగా సమాంతరంగా ఉండాలి, అర అంగుళం తేడా ఉన్నా ఒక పక్కకే లాగుతుంది. అడుగు లోతు మెత్తటి మంచులో మాత్రం పనికిరాదు, కూరుకుపోయి చట్రమే మంచును తోస్తుంది.

స్లెడ్డులో పెట్టకూడనివి కూడా ఉన్నాయి. మంచు పట్టుకుని పైకి పాకడానికి వాడే రెండు మేకు పిడులు మెడలో వేలాడాలి, స్లెడ్ పెట్టెలో కాదు. మంచు మందం చూసే గడ్డపార చేతిలో ఉండాలి. నీళ్లలో పడ్డవాడికి విసిరే తాడు మూటకు పైనే, పట్టీలు విప్పకుండా అందేలా ఉండాలి. మిన్నెసోటా సహజ వనరుల శాఖ లెక్క ప్రకారం కొత్తగా కట్టిన స్వచ్ఛమైన మంచు మనిషి నడవడానికి కనీసం 4 అంగుళాలు, స్నోమొబైల్‌కు 5 నుంచి 7 అంగుళాలు ఉండాలి. తెల్లటి మంచుకు బలం సగమే, దానికి మందం రెట్టింపు కావాలి. పైగా కురిసిన మంచు పొరలా కప్పిన చోట చలి లోపలికి దిగక కింద పలక పలుచగా ఉంటుంది. అనుమానంగా ఉన్న చోట స్లెడ్డును వెనకే వదిలి, గడ్డపారతో పొడుస్తూ ముందు మనిషి వెళ్లి చూడాలి. గుడారంలో హీటరు వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఉండాలి.

ఇంకో బకెట్ చెత్తకు. మంచు మీద చెత్త, మలం వదిలితే మార్చికి అన్నీ సరస్సులోకే దిగుతాయి. మిన్నెసోటా 2023లో దీనిపై ప్రత్యేకంగా చట్టమే చేసింది. మూత బిగుతుగా ఉండే బకెట్‌కు స్లెడ్డులోనే ఒక కంత కేటాయిస్తే మరిచిపోయేది ఉండదు.

ఇంత పొడుగు ఉత్తరం మొత్తం అచ్చువేయడం మీకు కుదరకపోవచ్చు. కుదరకపోతే వచ్చే సంచికలో అదే పేజీలో సవరణగా రెండు మాటలు వేయండి: స్నోమొబైల్ వెనక స్లెడ్డుకు తాడు కట్టకూడదు, గట్టి టో బారే ఉండాలి, చేత్తో లాగేవాళ్లు తాడును నడుముకు ముడివేసుకోకూడదు, ఒక్క చేత్తో ఊడే బకిల్ పెట్టుకోవాలి. డిసెంబరులో సరస్సులు గడ్డకట్టకముందే వస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
మిన్నెసోటా నుంచి ఇద్దరు పాఠకులు